లోపలి పేర్లు

జూన్ 9

కందిరీగకు,

నీ ఉత్తరం చేరింది. రెండో పేరాలోనే నన్ను అస్థిపంజరం అన్నావు. "పెదనాన్నా, మీ అస్థిపంజరాన్ని కదపను, పైన చర్మం మాత్రం కొత్తది తొడుగుతాను" అని రాశావు. అది నా వెబ్‌సైటు గురించి రాసిన మాట అని మళ్ళీ మళ్ళీ చదివితే గానీ తెలియలేదు. ఈలోగా అద్దం ముందుకు వెళ్ళి చూసుకుని వచ్చాను. నువ్వన్నదాంట్లో పెద్ద అబద్ధమేమీ లేదు. అయినా పెద్దవాళ్ళకు అలా రాయకూడదు.

ఫోను ఎత్తడం లేదని అలిగావు. నా ఎడమ చెవి ఎప్పుడో రాజీనామా చేసింది, కుడి చెవి దీర్ఘకాలిక సెలవులో ఉంది. మెయిలు రాయొచ్చు కదా అంటావు. మెయిలుతో చిక్కేమిటంటే, కోపం ఇంకా మరుగుతుండగానే అది వెళ్ళిపోతుంది. కాగితమైతే మేడ దిగి, కింద లాండ్రీ వాళ్ళ ఆవిరి దాటుకుని, పోస్టాఫీసు దాకా నడిచేలోగా ఇంకో రెండు మంచి మాటలు తడతాయి. వాటిని కవరు మీద రాయొచ్చు.

ఇక విషయం. చదువరుల సంఘం సైటుకు కొత్త డిజైను చేసే పని నీకు వచ్చింది. కంపెనీ ఉద్యోగం వదిలి సొంతంగా నిలబడదామనుకున్నాక నీకు దొరికిన మొదటి పని ఇది. సంతోషం. ఆ సైటు కట్టింది నేనే. నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లో, ఒక లావుపాటి పుస్తకం పక్కన పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా కట్టాను. తర్వాత సంఘంవాళ్ళు చేతులెత్తి నన్ను పదవిలోంచి దించారు. సైటును మాత్రం దించలేకపోయారు. అదెలా నడుస్తుందో అక్కడ ఒక్కడికీ తెలియదు కనక.

కొత్త డిజైనును పాత మెనూకు తగిలించాలి, ఆ మెనూ ఎక్కడుందో కనిపించడం లేదు అన్నావు. కనిపించదు. అందులో మాటలు లేవు, ముఖాలున్నాయి. మొదట సభ్యుల పేర్లతోనే మెనూ పెట్టాను. ఎవరి పేరు ముందుండాలని పెద్ద రగడ. అక్షరక్రమంలో పెడదామంటే లాయరు అక్షరక్రమం మీదే అభ్యంతరం చెప్పాడు. వయసు ప్రకారం పెడదామంటే పంతులమ్మ బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. చివరికి నాతో సహా అందరి ఫొటోలూ గుండ్రంగా పేర్చాను. గుండ్రానికి మొదలుండదు, తుదుండదు. ఫొటో మీద నొక్కితే ఆ మనిషి రాసినవన్నీ తెరుచుకుంటాయి.

సైటు తన ఆనవాలు కోసం లోపల ప్రతి విభాగానికీ ఒక పేరు ఉంచుకుంటుంది. అవి నేను పెట్టినవి. బయటి లోకానికి కనిపించవు. వాటి జోలికి వెళ్ళకు. ఒక్క అక్షరం కూడా మార్చకు.

ఇవన్నీ మీ నాన్నను అడిగి తెలుసుకోవచ్చు కదా అని నీకు అనిపించవచ్చు. అడగకు. ఆ సమావేశంలో నన్ను దించడానికి కొన్ని చేతులు లేచాయి. మీ నాన్న చెయ్యి దించడానికీ లేవలేదు, ఉంచడానికీ లేవలేదు. తోడబుట్టినవాడు కదా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని సుఖంగా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

పెదనాన్న

---

జూన్ 24

పెదనాన్నకు,

నమస్కారం అని మొదలుపెట్టాలని లేదు. అలవాటు కొద్దీ పెడుతున్నాను. నమస్కారం.

మీరు "ఒక్క అక్షరం కూడా మార్చకు" అన్నారు. నేను మార్చలేదు. ఇప్పుడు ఏం జరిగిందో వినండి.

ఫోనులో చూసేవాళ్ళకు గుండ్రంగా పేర్చిన ముఖాలు కుదరవు. చిన్న తెర మీద లాయరుగారి మీసం ఒక్కటే కనిపిస్తుంది. అందుకని నా డిజైనులో మెనూ మాటలతో వస్తుంది. ఆ మాటల్ని నేను టైపు చెయ్యక్కర్లేదు, పాత సైటు లోపలి పేర్లను అదే తెచ్చుకుంటుంది. ఇంట్లో ఉత్తుత్తి పేర్లతో ప్రయత్నించి చూశాను, చక్కగా వచ్చింది. అసలు సైటుకు తగిలించి చూద్దామంటే పాస్‌వర్డు అధ్యక్షుడిగారి దగ్గరుంది. ఆయన దాన్ని ఎవరికీ చెప్పరు. "నా చేత్తో నేనే కొడతా, సభలో" అన్నారు.

సభలోనే కొట్టారు. సంఘం హాల్లో ఇనుప కుర్చీలన్నీ వేశారు. మా అధ్యక్షుడు డాక్టరుగారు తన పళ్ళ ఆసుపత్రి నుంచి తెల్ల కోటుతోనే వచ్చారు. గోడ మీద తెర. నేను అందరికీ నమస్కారం పెట్టి, "ఇప్పుడు కొత్త ముఖం చూడబోతున్నారు" అన్నాను. తగిలించాను. మెనూ పెద్ద పెద్ద అక్షరాల్లో విచ్చుకుంది.

మత్తుమందు. వాయిదాలు. నేనే. గోడ మీద పిల్లి.

ముందు అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. "మత్తుమందా? వైద్యం శీర్షిక కూడా పెట్టావేంటమ్మా, మంచి ఆలోచన" అని డాక్టరుగారే లేచి నొక్కారు. ఆయన కవితలు తెరుచుకున్నాయి.

లాయరుగారు పడీ పడీ నవ్వారు. తర్వాత "వాయిదాలు" నొక్కారు. ఆయన పూర్తి చెయ్యని నవల వచ్చింది. నవ్వు ఆగిపోయింది.

పంతులమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, "ఈ 'నేనే' ఎవరు?" అని గట్టిగా అడిగారు.

నా నోట్లోంచి వచ్చేసింది పెదనాన్నా, "మీరే మేడమ్" అని.

నాన్న కూడా అక్కడే ఉన్నారు. నాలుగో పేరు ఎవరిదో ఎవరూ నొక్కి చూడక్కర్లేకపోయింది. నాన్న కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు.  

నాకు ఇప్పుడు ఆ పని ఉందో లేదో తెలియదు. సైటు ముఖం చూపిస్తానని చెప్పి నలుగురి ముఖాల మీదా మసి పూసి వచ్చాను. మీరు ఏం రాశారో, ఎందుకు రాశారో నాకు అనవసరం. నాకు ముందే చెప్పి ఉండాల్సింది కదా!

మీ అన్నదమ్ముల కూతురు

---

జూలై 1

కందిరీగకు,

"అన్నదమ్ముల కూతురు" అన్న సంతకం చూసి చాలాసేపు ఆలోచించాను. ఇద్దరినీ కలిపి తిట్టడానికి ఒకే మాట వాడావు. భాష వచ్చిందన్నమాట నీకు.

ముందుగా నీ మీద నా ఫిర్యాదు. ఒక్క అక్షరం మార్చకు అన్నాను. ఊరంతా చూపించమన్నానా? వాటి జోలికి వెళ్ళకు అంటే వెళ్ళొద్దని అర్థం. నువ్వు దాన్ని "అలాగే తీసుకెళ్ళి గోడ మీద వెయ్యి" అని చదువుకున్నావు. ఇన్నేళ్ళు చదువుకుని వాక్యం చదవడం రాకపోతే ఎలా?

రెండోది. నువ్వు అవి తిట్లు అనుకుంటున్నావు. కావు. అవి విమర్శ. పళ్ళ డాక్టరు కవిత్వం రెండో చరణానికల్లా దవడ బరువెక్కుతుంది, నాలుక ఎక్కడుందో తెలియదు. దానికి మత్తుమందు అనడం కన్నా దగ్గరి మాట ఉంటే చెప్పు, పెట్టుకుంటాను. లాయరు చారిత్రక నవలలో రాజు మొదటి అధ్యాయంలో గుర్రమెక్కడానికి రికాబులో కాలు పెట్టాడు. ఈ రోజు వరకూ ఎక్కలేదు. ప్రతి అధ్యాయం చివరా ఏదో ఒక వంక. పంతులమ్మ ఆత్మకథలో ఒకసారి వరద వస్తుంది. ఊరు మునిగింది, మనుషులు మిద్దెలెక్కారు అని రెండు వాక్యాలు. ఆ రోజు తను కట్టుకున్న చీర గురించి మూడు పేజీలు.

ఇదంతా ముఖం మీద చెబితే పదవిలోంచి దించారు. అందుకని ఆ రాత్రే, పాస్‌వర్డు అప్పగించే ముందు, ఎవరికీ కనిపించని చోట రాసుకున్నాను. మనిషికి ఆపాటి చోటైనా ఉండాలా వద్దా?

నువ్వు దాన్ని తెర మీదకి లాగావు. సరే. "మీరే మేడమ్" దగ్గర నాకు పొలమారింది. కింద లాండ్రీ అమ్మాయి గాభరాగా మేడెక్కి వచ్చి వీపు తట్టింది. ఎందుకు నవ్వుతున్నానో చెప్పమంది. చెబితే ఆమె నవ్వలేదు. "పాపం, మీ అమ్మాయి పని పోదా?" అంది. ఇస్త్రీ పెట్టెలు పట్టుకునేవాళ్ళకు సాహిత్యం పట్టదు.

పరిష్కారం చిన్నది. ఆ నలుగురి పేర్లూ పెట్టెయ్. పీడా పోతుంది.

పెదనాన్న

---

జూలై 8

పెదనాన్నా,

పేర్లు పెట్టాను. ఎవరి పేరు ముందుండాలని మళ్ళీ మొదలైంది. లాయరుగారు అక్షరక్రమం మీద ఈసారి రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చారు.

చివరికి వాళ్ళు చెప్పింది ఇది. మెనూలో మనిషి పేరు ఉండకూడదు. ఎవరు ఏం రాస్తారో ఆ రాతను బట్టి ఒక మర్యాదైన మాట ఉండాలి. ఆ మాట ఆ మనిషి ఒప్పుకోవాలి. నలుగురూ ఒప్పుకుంటేనే పని నాది. హాలుకు రంగులు వేయించి మళ్ళీ తెరిచే రోజుకు సైటు సిద్ధం కాకపోతే డాక్టరుగారి అల్లుడికి ఇచ్చేస్తారు. ఆయనకు ప్రకటనల ఆఫీసు ఉంది. సంఘం మెనూ పక్కన పళ్ళపొడి బొమ్మ కదులుతూ ఉంటుంది, చూసుకోండి.

సరే, ఎవరి రాతను బట్టి ఏ మాట పెట్టాలి అని నలుగురినీ అడిగాను. "లాయరుగారు ఏం రాస్తారండీ?" అంటే డాక్టరుగారు "చట్టం గురించి అనుకుంటా" అన్నారు. పంతులమ్మగారిని డాక్టరుగారి కవితల గురించి అడిగితే "పళ్ళు ఎలా తోముకోవాలో చక్కగా రాస్తారు" అన్నారు. ఒకరిది ఒకరు చదవలేదు పెదనాన్నా. ఒక్క వాక్యం కూడా. ఆ నాలుగు విభాగాలూ మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి ఈ భూమి మీద ఒక్కరే ఉన్నారు. ఆయన లాండ్రీ మీద గదిలో కూర్చుని నా పని పోతుంటే పొలమారేలా నవ్వుతున్నారు.

ఇంకో సంగతి. లోపలి పేరు లింకులో గజిబిజి గుర్తులుగా దాగి ఉంటుంది, అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ చదవలేకపోయారు; దాన్ని మారిస్తే పాత లింకులు తెగిపోతాయి. ఎక్కడెక్కడి పాఠకులో ఆ లింకులు దాచుకుని ఉన్నారు. అందుకని పాత పేరుతో వచ్చినవాళ్ళను కొత్త పేరు దగ్గరికి మళ్ళించాలి. అంటే "మత్తుమందు"కు సరిగ్గా ఎదురుగా ఒక మాట, "వాయిదాలు"కు ఎదురుగా ఒక మాట. ఏ పాత పేరుకు ఏ కొత్త పేరో మీరే రాసి పంపాలి.

నేను నాన్న కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని పని చేస్తున్నాను. ఒక పక్క ఫ్రేముల ట్రేలు, ఒక పక్క నా కంప్యూటరు. ఇదీ నా సొంత ఆఫీసు. ఇది కూడా పోతే మళ్ళీ ఆ కంపెనీ గుమ్మం ఎక్కాలి. అక్కడి మేనేజరు నవ్వే నవ్వు నాకు ఇప్పుడే కనిపిస్తోంది. మీ కక్షలు తీర్చుకోవడానికి నేను తెర కాను పెదనాన్నా. నాలుగు మాటలు పంపండి. మంచివి.

కందిరీగ

---

జూలై 15

కందిరీగకు,

వచ్చే జన్మలో నిఘంటువు రాస్తానేమో గానీ ఈ జన్మలో శత్రువులకు ముద్దుపేర్లు పెట్టాల్సి వస్తుందనుకోలేదు. నాలుగు రోజులు నాకు తిండి సయించలేదు. మర్యాదైన మాటలు తట్టినంత సులువుగా కాగితం మీదకి రావు. చెయ్యి వెనక్కి లాగుతుంది. రాసుకో.

"మత్తుమందు"కు బదులు "నెమ్మది". ఆ కవితలు చదివితే పాఠకుడు నెమ్మదిస్తాడు. నడక నెమ్మదిస్తుంది, నాడి నెమ్మదిస్తుంది. ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు నేను. ప్రశాంతత అనుకుని ఆయన మురిసిపోతాడు. మురవనీ.

"వాయిదాలు"కు బదులు "నడుస్తున్న నవల". రాజు నడుస్తూనే ఉన్నాడు మరి, గుర్రం ఎక్కలేదు కనక.

"నేనే"కు బదులు "స్వగతం". అర్థం అదే. సంస్కృతంలో చెబితే ఎవరికీ కోపం రాదు.

ఇక నాలుగోది. "చూపు" అని పెట్టు. కళ్ళద్దాల షాపువాడు, షాపుకు వచ్చినవాళ్ళ గురించి చిన్న చిన్న ముక్కలు రాస్తాడు. అంతకంటే నేను చెప్పేది లేదు.

నేను వంగానని ఆ హాల్లో ఎవరితోనూ అనకు. ఎవరైనా అంటే, నడుము నొప్పి అని చెప్పు.

పెదనాన్న

---

జూలై 25

పెదనాన్నా,

మీకు దండం పెట్టాలా, తల బాదుకోవాలా తెలియడం లేదు.

డాక్టరుగారు "నెమ్మది" విని కళ్ళు మూసుకున్నారు. "ఎంత లోతుగా చదివాడో ముసలాయన! ఎంతైనా పాత కార్యదర్శి" అన్నారు. లాయరుగారు "నడుస్తున్న" అన్న మాటకు చట్టపరంగా అభ్యంతరం లేదన్నారు. పంతులమ్మగారు కాసేపు ముఖం ముడుచుకుని, "నిజం చెప్పనా, నాకు 'నేనే' బావుంది. కానీ అందరూ మార్చుకుంటుంటే నాకెందుకు" అని ఒప్పుకున్నారు. ముగ్గురి సంతకాలూ అయిపోయాయి. హాలు సగం గోడకు లేత పచ్చ రంగు కూడా పడింది.

నాన్న ఒప్పుకోవడం లేదు.

"చూపు" అంటే "అది షాపు బోర్డు మీద రాసుకునే మాట" అన్నారు. పోనీ నేనే "అద్దాల కబుర్లు" అన్నాను. "చిన్నపిల్లల పత్రిక అనుకుంటారు" అన్నారు. మరేం పెట్టమంటావు నాన్నా అంటే, "ఉన్నదే ఉంచు" అన్నారు. గోడ మీద పిల్లి! నిజంగానే అన్నారు. "తప్పేముంది అందులో? గోడ మీద కూర్చుంటే రెండు వాకిళ్ళూ కనిపిస్తాయి. పైగా మీ పెదనాన్న నా గురించి రాసిన మాట అదొక్కటే. దాన్ని కూడా తీసేయాలా?"

మిగతా ముగ్గురూ ఒక్కటైపోయారు. ఒక్క పాత పేరు ఉన్నా "మరి మిగిలినవేమిటి" అని పాఠకులు తవ్వుతారట. నాన్నది మారాల్సిందేనట. అంటే నా పని ఇప్పుడు ఒకే ఒక్క మాట దగ్గర ఇరుక్కుంది. ఆ మాటను పెట్టాల్సింది మీరు, ఒప్పుకోవాల్సింది నాన్న. మీరు ఫోను ఎత్తరు, ఆయన ఫోను చెయ్యరు. మధ్యలో నేను.

నాన్నకు మీ మీద కోపమని మీరు అనుకుంటున్నారేమో. మీకు నాన్న మీద ఉన్నదే నాకు కనిపిస్తోంది. ఒక్క పని చెయ్యండి. ఆయన పేజీలు మళ్ళీ ఒకసారి చదవండి. "చూపు" అని రాసేటప్పుడు చదవకుండా రాశారని నాకు అనుమానం.

కందిరీగ

---

ఆగస్టు 1

కందిరీగకు,

నేను చదవకుండా రాశానా! ఈ ఇంటావంటా లేని నింద నువ్వొక్కదానివే వేశావు. అందుకని చదివాను. అన్నీ. నీ కోసం కాదు, నిందను చెరిపేసుకోవడానికి.

మీ నాన్న వాక్యం బావుంటుంది. ఆ సంగతి నాకు ఎప్పుడూ తెలుసు, అదే నా కడుపుమంట. వాడి పేజీల్లో ఎక్కడా "నేను" కనిపించదు. ఒకావిడ ఉంటుంది చూడు, ఫ్రేములన్నీ పెట్టి చూసుకుని, ఏది కావాలని అడిగితే "నన్ను చూసినవాళ్ళు నన్ను గుర్తుపట్టకూడదు, అలాంటిది ఇవ్వండి" అంటుంది. అంతే. అక్కడితో ఆ ముక్క అయిపోతుంది. ఎందుకో వాడు అడగడు. నేనైతే అడక్కుండా ఉండలేను.

ఇంకొకటి, బస్సు డ్రైవరుది. చూపు తగ్గిందని తేలితే ఉద్యోగం ఊడుతుంది. అందుకని గోడ మీది అక్షరాల అట్టను బట్టీ పట్టుకొచ్చి గడగడా అప్పజెబుతాడు. షాపువాడికి అనుమానమొచ్చి, అట్టను తిప్పి వెనకవైపు పెడతాడు. వెనక ఏమీ లేదు, తెల్లగా ఉంది. డ్రైవరు అవే అక్షరాలు, అదే వరుసలో, అంతే ధీమాగా చదువుతాడు.

అక్కడ ఆపేశాడు! ఏమన్నా న్యాయంగా ఉందా? ఆ డ్రైవరును పట్టించాడా? వదిలేశాడా? కాగితం మీద సంతకం పెట్టాడా? రాత్రంతా బస్సులు గుర్తొచ్చాయి నాకు. ఇది రచన కాదు, పాఠకుణ్ణి నడిరోడ్డు మీద దించి వెళ్ళిపోవడం. ఇదే పిల్లి బుద్ధి. ఆ రోజు హాల్లో చేసిందీ ఇదే. ఎటూ తేల్చడు.

చివర ఏం చేశాడో అడుగు. నేను అడిగానని చెప్పొద్దు. ఎవరో పాఠకుడు అడిగాడని చెప్పు. జవాబు వచ్చేదాకా నేను ఏ మాటా పెట్టను.

పెదనాన్న

---

ఆగస్టు 9

పెదనాన్నా,

హాలుకు రంగులు పూర్తయ్యాయి. కిటికీలకు వార్నిష్ ఆరడమే ఆలస్యం. డాక్టరుగారి అల్లుడు వచ్చి ప్రకటనల బోర్డుల కోసం గోడలు కొలుచుకుని వెళ్ళాడు. మీరు బస్సు డ్రైవరు సంగతి తేలేదాకా మాట పెట్టనని సత్యాగ్రహం చేస్తున్నారు. బావుంది.

అడిగాను. "ఎవరో పాఠకుడు అడిగాడు నాన్నా" అన్నాను. నాన్న ఒక కళ్ళజోడుకు మర బిగిస్తున్నారు. తల ఎత్తలేదు. "ఆ పాఠకుడికి ఒక చెవి వినిపించదా?" అన్నారు.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు పెదనాన్నా. పక్కనున్న ఫ్రేముల ట్రే సర్దాను.

మర బిగించడం అయ్యాక చెప్పారు. ఆయన మాటలే రాస్తున్నాను. "నేనేం చేశానో రాస్తే అది నా గురించిన కథ అయిపోతుంది. నేను మంచివాణ్ణా, చెడ్డవాణ్ణా అని చూస్తారు. అక్కడ చూడాల్సింది ఆ డ్రైవరును. తెల్ల అట్ట ముందు నిలబడి అక్షరాలు చదువుతున్నవాణ్ణి. అంతకుమించి ఆ పాఠకుడికి ఏం కావాలి?"

తర్వాత, నేను అడగకుండానే, "డ్రైవరుకు కళ్ళజోడు ఇచ్చాను. బస్సులు కడిగే షెడ్డులోకి మార్పించుకునేదాకా రోజూ డిపోకు వెళ్ళి కూర్చున్నాను. ఇది రాయడానికి కాదు, నిద్ర పట్టడం లేదేమోనని చెబుతున్నాను" అన్నారు.

ఎవరికి నిద్ర పట్టడం లేదో నేను అడగలేదు. మాట పంపండి.

కందిరీగ

---

ఆగస్టు 13

కందిరీగకు,

"ఎదుటివాళ్ళు".

అదే మాట. వివరణ అక్కర్లేదు. అది కూడా ఒప్పుకోకపోతే పళ్ళపొడి బొమ్మ పెట్టుకోండి.

పెదనాన్న

---

ఆగస్టు 21

పెదనాన్నకు నమస్కారాలు,

కవరు మీద మీరేమీ రాయకపోవడం ఇదే మొదటిసారి. పోస్టుమ్యాను కూడా తిప్పి తిప్పి చూశాడు.

"ఎదుటివాళ్ళు" అని నాన్నకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. చదివాను. షాపులో ఎవరూ లేరు. ఆయన అక్షరాల అట్ట దగ్గరికి వెళ్ళి, వంకరగా లేకపోయినా దాన్ని సరిచేసి వచ్చారు. "సరే" అన్నారు.

అయిపోయిందని ఎగిరి గంతేశాను. అవలేదు. అన్నీ తగిలించి ఆఖరిసారి సరిచూస్తుంటే మెనూలో ఎక్కడా లేని ఒక విభాగం బయటపడింది. దానికి ఏ దారీ లేదు, ఏ లింకూ అక్కడికి తీసుకెళ్ళదు. ఇలాంటివాటిని మా వాళ్ళు అనాథ పేజీలంటారు. తెరిచి చూస్తే మీరు రాసిన పుస్తక సమీక్షలు, మొత్తం. మిమ్మల్ని దించాక గుండ్రంలోంచి మీ ఫొటో తీసేశారట. ఫొటోతో పాటు దారీ పోయింది. పేజీలు మాత్రం లోపల అలాగే ఉన్నాయి. వాటికి మీరు పెట్టుకున్న లోపలి పేరు చూశాను. ఖాళీగా ఉంది. అందరికీ పేర్లు పెట్టి మీ దగ్గర ఆగిపోయారు.

నిన్న సభలో చెప్పాను. డాక్టరుగారు "దారిలేని పేజీలు తీసెయ్యడమేగా పద్ధతి?" అన్నారు. ఆయన మాట నిజమే, మామూలుగా తీసేస్తాం. నాన్న లేచి నిలబడ్డారు. "మెనూలో పెట్టండి. పేరు నేను చెబుతాను. నాకు ఆయన పెట్టాడు, ఆయనకు నేను పెడతాను" అన్నారు.

"ఏం పేరు?"

"చదివినవాడు."

లాయరుగారు వెంటనే అందుకున్నారు. మిగతావాళ్ళందరికీ రాతను బట్టి పేరు, ఈయనకొక్కడికీ మనిషిని బట్టా, నియమం ఏమైంది అని. నాన్న ఆయన్నే అడిగారు. "నా పేజీలు మీరు చదివారా?" లాయరుగారు గొంతు సవరించుకున్నారు. డాక్టరుగారిని అడిగారు, పంతులమ్మగారిని అడిగారు. ఇద్దరూ గోడ మీది కొత్త రంగు వైపు చూశారు. "మనం రాసింది చదివింది ఆయనొక్కడే. తిట్టాడు. తిట్టడానికైనా చదివాడు. ఆ పేరు వద్దంటే నా పేజీలు కూడా తీసేయండి" అని కూర్చున్నారు. పంతులమ్మగారు అందరికన్నా ముందు "పెట్టండి, పెట్టండి" అన్నారు.

ఈ ఉదయం సైటు తెరిచాం. ఏ లింకూ తెగలేదు. పని నాదే పెదనాన్నా. డాక్టరుగారు పాస్‌వర్డు నా చెవిలో చెప్పారు.

మీ కందిరీగ

---

ఆగస్టు 27

కందిరీగకు,

సైటు చూశాను. లాండ్రీ అమ్మాయి ఫోనులో కూడా చూశాను. మెనూ తిన్నగా ఉంది, వేలు పెడితే తెరుచుకుంటోంది. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యొచ్చు. నీ పని నిలబడినందుకు సంతోషం. ఇక కింది ముక్క నీకు కాదు. కాగితం అక్కడికి మడిచి మీ నాన్న చేతికివ్వు.

ఒరేయ్, "చదివినవాడు" ఏమిట్రా? భూతకాలం ఎవరికి పెట్టావు? పోయినవాళ్ళ పటం కింద రాసే మాట అది. నేనింకా ఇక్కడే ఉన్నాను, నిన్న సాయంత్రమే నీ పేజీలు ఇంకోసారి తిరగేశాను. డ్రైవరు ముక్కలో రెండు అచ్చుతప్పులు, ఫ్రేములావిడ ముక్కలో ఒకటి. ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు కాబోలు. కొత్తవి రాసినవి ఉంటే నేరుగా నాకు పంపు, పిల్లను మధ్యలో తిప్పకు. ముందుగా ఆ పేరు "చదువుతున్నవాడు" అని దిద్దించు.

అన్నయ్య